కుక్కకు కథ చదివి వినిపించే పావుగంట: అమెరికా లైబ్రరీల్లో ‘రీడ్’ సేవ ఎంతవరకు పనికొస్తుంది?

అక్షరాలన్నీ వచ్చు. కూడబలుక్కుంటే మాట కూడా వస్తుంది. కానీ నలుగురిలో పైకి చదవమంటే మాత్రం నీళ్లు నములుతారు. అమెరికాలో ఒకటి నుంచి మూడో తరగతి మధ్య ఇలాంటి పిల్లలున్న తెలుగు ఇళ్లవాళ్లు ఒకసారి దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీ ఈవెంట్స్ క్యాలెండర్ తీసి చూడాలి. ‘రీడ్ టు ఎ డాగ్’ (Read to a Dog) అనో ‘పాజ్ టు రీడ్’ (Paws to Read) అనో ఒక కార్యక్రమం చాలా చోట్ల కనిపిస్తుంది. పరీక్ష నెగ్గిన ఒక కుక్క, దాన్ని తెచ్చిన ఒక వాలంటీరు, నేల మీద ఒక దుప్పటి, ఒక పుస్తకం. పావుగంట సేపు పిల్లలు చదువుతారు, కుక్క వింటుంది. పైసా తీసుకోరు.

ముందే తేల్చి చెప్పాల్సిన మాట ఒకటుంది. కుక్క చదువు నేర్పదు. తప్పు దిద్దని శ్రోతగా పక్కన పడుకుంటుంది, అంతే. తప్పు దిద్దుతారన్న భయమే అడ్డుగా ఉన్న పిల్లలకు ఆ మాత్రం చాలా పెద్ద సాయం. అక్షరానికీ శబ్దానికీ ముడి ఇంకా పడని పిల్లలకు మాత్రం అది ఒక మంచి సాయంత్రం, అంతకు మించి ఏమీ కాదు. ఇంకో మాట: ఈ సేవ బాగుందా లేదా అన్నది కుక్కను చూసి చెప్పలేం, దాని గొలుసు పట్టుకున్న మనిషిని చూసి చెప్పాలి. పిల్లలకు కుక్క నచ్చితే తల్లిదండ్రులు అక్కడితో ఆగిపోతారు. ఆ మనిషి, అంటే హ్యాండ్లర్, ఏం మాట్లాడుతున్నారో, ఎప్పుడు మౌనంగా ఉంటున్నారో గమనించరు. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చింది యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీలోని ఇంటర్‌మౌంటెన్ థెరపీ యానిమల్స్ అనే స్వచ్ఛంద సంస్థ. ఆసుపత్రుల్లో రోగుల దగ్గరికి కుక్కల్ని తీసుకెళ్లడం వాళ్ల పని. ఆ సంస్థ బోర్డులో ఉన్న శాండీ మార్టిన్ అనే నర్సు, రోగుల బెదురు తగ్గించే కుక్క చదవడానికి జంకే పిల్లల బెదురు ఎందుకు తగ్గించకూడదని ఆలోచించారు. 1999లో సాల్ట్ లేక్ సిటీ పబ్లిక్ లైబ్రరీలో మొదలుపెట్టారు. ఒలీవియా అనే పోర్చుగీస్ వాటర్ డాగ్ మొదటి శ్రోత. రీడింగ్ ఎడ్యుకేషన్ అసిస్టెన్స్ డాగ్స్ అన్న పేరును కుదించి ‘రీడ్’ అన్నారు. ఇప్పుడు అదే పనిని ఇంకొన్ని సంస్థలూ చేస్తున్నాయి. థెరపీ డాగ్స్ ఇంటర్నేషనల్ వాళ్లది టెయిల్ వ్యాగిన్ ట్యూటర్స్, పెట్ పార్ట్‌నర్స్ వాళ్లది రీడ్ విత్ మీ. బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ వాళ్ల బార్క్ అండ్ రీడ్ ఉంది.

వీటిలో ఏది మేలని అడిగితే, మొగ్గు రీడ్ వైపే. కుక్క, దాని హ్యాండ్లర్ కలిసి మామూలు థెరపీ డాగ్ జోడీగా నమోదైన తర్వాతే రీడ్‌కు అర్హత వస్తుంది. ఆ పైన హ్యాండ్లర్ పిల్లల చదువుకు సంబంధించిన పాఠాలు విడిగా చదివి, పరీక్ష రాయాలి. అంటే కుక్కను అదుపులో పెట్టడం ఒక్కటే వస్తే చాలదు, తడబడుతున్న పిల్లలతో ఎలా మాట్లాడాలో కూడా తెలిసి ఉండాలి. అయితే మీ ఊళ్లో మిగతా రెంటిలో ఒకటే ఉంటే దాన్ని వదులుకోనక్కర్లేదు. మంచి హ్యాండ్లర్ ఏ చొక్కా వేసుకున్నా మంచి హ్యాండ్లరే.

వదులుకోవాల్సింది వేరే ఉంది. ఏ సంస్థలోనూ నమోదు కాని పెంపుడు కుక్కను ‘మా కుక్క చాలా మెతక’ అంటూ తెచ్చి కూర్చోబెట్టే చోటికి పిల్లల్ని పంపొద్దు. ‘థెరపీ డాగ్’ అని రాసిన కోటు, సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు, వాటికి విలువ లేదు. లైబ్రేరియన్‌ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ జోడీ ఏ సంస్థలో నమోదైంది? వెంటనే పేరు చెబితే సరే, నీళ్లు నమిలితే ఇంకో లైబ్రరీ చూసుకోండి. నమోదు అంటే ఏమిటో పెట్ పార్ట్‌నర్స్ నిబంధనలు చూస్తే అర్థమవుతుంది. కుక్కకు కనీసం ఏడాది వయసు నిండాలి, ఆ ఇంట్లో ఆరు నెలలైనా ఉండి ఉండాలి. రెండేళ్లకోసారి జోడీ మళ్లీ పరీక్షకు రావాలి. పచ్చిమాంసం తినే కుక్కకు అనుమతి లేదు, ఎందుకంటే సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు దాని నోటి నుంచి, ఒంటి నుంచి పిల్లల చేతికి అంటుతాయి. గొంతు బిగించే గొలుసులు, ముళ్ల మెడపట్టీలు వాడకూడదు. రోజుకు రెండు గంటలకు మించి పని చేయించకూడదు.

ఆ రెండు గంటల నిబంధన గుర్తుంచుకోండి, బుకింగ్ దగ్గర దాంతో మళ్లీ పని పడుతుంది.

ఆ దుప్పటి మీద ఏం జరుగుతుంది

స్లాట్ 15 నిమిషాలనుకుందాం. మంచి హ్యాండ్లర్ దగ్గర మొదటి రెండు నిమిషాలు పుస్తకం తెరవరు. పేరు అడుగుతారు, కుక్క పేరు చెబుతారు (డైసీ అనుకుందాం), దానికి ఎక్కడ నిమిరితే ఇష్టమో చూపిస్తారు. నడినెత్తి మీద చెయ్యి వేస్తే చాలా కుక్కలకు నచ్చదు. భుజం పక్కన, ఛాతీ మీద, వెంట్రుకలు వాలిన వైపే నిమరాలి. పిల్లలు కుక్కకు ఎదురుగా కాకుండా దాని పక్కన, అది చూస్తున్న వైపుకే తిరిగి కూర్చుంటారు. హ్యాండ్లర్ కుక్కకు రెండో పక్కన ఉంటారు. గొలుసు వాళ్ల చేతిలోనే ఉంటుంది, క్షణం కూడా పిల్లల చేతికి ఇవ్వరు.

ఆ తర్వాత పది నిమిషాలు చదువు. పుస్తకం పిల్లల ఒళ్లోనో, కుక్క ముందరి కాళ్ల దగ్గరో ఉంటుంది. పేజీ తిప్పేది పిల్లలే, బొమ్మ కుక్కకు చూపించేదీ వాళ్లే. మొదటి పేజీ గుసగుసగా సాగుతుంది. హ్యాండ్లర్ ‘గట్టిగా’ అనరు. ‘డైసీకి ఈ చెవి వైపు వినపడలేదట, దగ్గరికి జరుగుదామా’ అంటారు.

అసలు నేర్పు తెలిసేది చదువు ఆగిపోయినప్పుడు. పాప ‘త్రూ’ (through) అన్న మాట దగ్గర ఆగిందనుకోండి. ఇంగ్లిష్‌లో ఆ మాట చివరి నాలుగు అక్షరాలూ కలిసి పలికేది ఒక్క ‘ఊ’ శబ్దమే, వాటిలో ఆఖరి రెండూ అసలు నోరే మెదపవు, ఆ వయసు పిల్లలు కళ్లప్పగించి చూడటంలో వింత లేదు. వేలు ఆ మాట కింద ఉంటుంది, పెదవులు కదులుతుంటాయి, మాట బయటికి రాదు. ఇంట్లో అయితే అమ్మ ఒక సెకనులో అందించేస్తుంది. తరగతిలో పక్క పిల్లవాడు అందించేస్తాడు, ఒకడెవడో నవ్వుతాడు. ఇక్కడ హ్యాండ్లర్ లోపల ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు లెక్కపెట్టుకుంటూ కుక్క వీపు నిమురుతూ ఉంటారు. పాప చెయ్యి కూడా ఆ వీపు మీదికే వెళుతుంది. చాలాసార్లు అయిదు అయ్యేలోపే మాట వచ్చేస్తుంది. రాకపోతే, ‘డైసీ కూడా ఈ మాట ఎప్పుడూ వినలేదు. బొమ్మలో ఏముందో దానికి చెప్పు, అప్పుడు మాట దొరుకుతుందేమో’ అంటారు. అప్పటికీ రాకపోతే మామూలు గొంతుతో మాట చెప్పేసి ముందుకు సాగిపోతారు. ‘తప్పు’ అన్న మాట ఆ పావుగంటలో వినపడదు. తెలియనిది కుక్కకు, తెలియజెప్పేది పాప. ఈ తిరకాసులోనే పద్ధతి ప్రాణం ఉంది.

చివరి రెండు మూడు నిమిషాల్లో, కథలో ఏం జరిగిందో డైసీకి మళ్లీ చెప్పమంటారు. చదివింది అర్థమైందో లేదో పరీక్ష పెట్టినట్లు కాకుండా అక్కడ తెలిసిపోతుంది. కొన్ని చోట్ల పది సార్లు వచ్చిన పిల్లలకు కుక్క పంజా ముద్ర వేసిన పుస్తకం కానుకగా ఇస్తారు. ఇది రీడ్ మొదటినాళ్ల నుంచీ ఉన్న అలవాటు. పిల్లలు దాన్ని ఏళ్ల తరబడి దాచుకుంటారు. లైబ్రరీలు ఇంకెన్ని ఖర్చులు తగ్గించుకున్నా దీన్ని మానకూడదు.

కుక్క కథ మధ్యలో నిద్రపోతుంది. ఇది దాదాపు ప్రతిసారీ జరిగేదే. ‘నా చదువు నచ్చలేదు’ అని పిల్లల మొహం చిన్నబోతుంది. అనుభవమున్న హ్యాండ్లర్ ముందే చెప్పి ఉంచుతారు: ‘కథ బాగా నచ్చితే ఇది కళ్లు మూసుకుని ఊహించుకుంటుంది’ అని. ఈ ఒక్క వాక్యం ముందే చెప్పారా, తర్వాత చెప్పారా అన్నదాన్ని బట్టే హ్యాండ్లర్ ఎంత చెయ్యి తిరిగినవారో తెలుసుకోవచ్చు.

పరిశోధనలు ఏమంటున్నాయి

కుక్క పక్కనుంటే శరీరం నెమ్మదిస్తుందన్నది ఉత్త నమ్మకం కాదు. 1983లో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం పిల్లల రక్తపోటు కొలిచింది. ఊరికే కూర్చున్నప్పుడూ, పైకి చదువుతున్నప్పుడూ కూడా గదిలో కుక్క ఉంటే రక్తపోటు తక్కువగా ఉంది. పైకి చదవడమే రక్తపోటు పెంచే పని కాబట్టి ఈ సంగతి మనకు ముఖ్యం.

చదువు మెరుగుపడుతుందా అన్న దగ్గర మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. 2010లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్లు మూడో తరగతి పిల్లల చేత పది వారాలు కుక్కలకు చదివిస్తే, ధారాళంగా చదవడం 12 శాతం మెరుగైందన్నారు. లైబ్రరీ కరపత్రాల్లో ఈ అంకె తెగ కనిపిస్తుంది. అది చిన్న అధ్యయనం అన్న మాట కరపత్రాల్లో ఉండదు. టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్లు రెండో తరగతి పిల్లలతో ఆరు వారాలు చేసి చూస్తే చదివే నైపుణ్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు గానీ, బడి చదువు మీద ఇష్టం పెరిగింది. 2019లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలు 17 మందికి వాళ్ల స్థాయికి కొంచెం పైనున్న పాఠాలు ఇచ్చారు. కుక్క ఉన్నప్పుడు పిల్లలు వదిలేయకుండా ఎక్కువసేపు పట్టు పట్టారు. 2016లో బ్రిటన్ పరిశోధకులు అప్పటివరకు వచ్చిన 48 అధ్యయనాల్ని ఒక్కచోట వేసి జల్లెడ పట్టి, ఫలితాలు ఆశాజనకమే గానీ ఆధారాల నాణ్యత తక్కువని తేల్చారు.

వీటన్నిటినీ కలిపి చూస్తే అంచనా ఇది: బెరుకు తగ్గుతుంది, ఓపిక పెరుగుతుంది, పుస్తకం మీద విముఖత పోతుంది. నైపుణ్యం వాటి వెనకాల, ఇంటి దగ్గరా బడిలోనూ చదివిన గంటల వల్ల వస్తుంది. వారానికి పావుగంటతో గ్రేడ్ లెవెల్ పెరుగుతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మొద్దు.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది పక్కన కూర్చున్న అమ్మానాన్నలే. ఈ మాట బాధగా ఉన్నా చెప్పక తప్పదు. మన ఇళ్లలో చదువు అంటే అప్పజెప్పడం, అప్పజెప్పడం అంటే తప్పు పట్టుకోవడం. ఆ అలవాటుతో దుప్పటి అంచున కూర్చుని ‘సరిగ్గా చదువు నాన్నా, నిన్న వచ్చింది కదా’ అన్నారో, ఆ పిల్లవాడికి కుక్క ఉన్నా లేనట్టే. వీడియో తీయడమూ అంతే. కెమెరా కూడా తప్పు గుర్తుపెట్టుకునే శ్రోతే. లైబ్రరీ ఒప్పుకుంటే ఫొటో ఒకటి చివర్లో తీసుకోండి. పిల్లలు కనబడేంత దూరంలో, మాట వినబడనంత దూరంలో ఇంకో పుస్తకం పట్టుకుని కూర్చోండి. తాతయ్య, అమ్మమ్మ వెంట వచ్చినా ఇదే పద్ధతి.

రెండోది పుస్తకం ఎంపిక. బడిలో చదువుతున్న స్థాయి పుస్తకమో, ‘కాస్త కష్టమైతేనే నేర్చుకుంటాడు’ అని పై స్థాయిదో తెస్తారు. ఇక్కడ అది పనికిరాదు. వంద మాటల్లో 95 తడుముకోకుండా వచ్చేలా ఉండాలి. ఇంట్లో చూసుకోవడానికి అయిదు వేళ్ల లెక్క ఉంది. ఏదో ఒక పేజీ తెరిచి చదివించండి, రాని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవండి. అయిదూ మడిచారంటే ఆ పుస్తకం వద్దు. బడికి రెండు మూడు వేళ్లు పర్వాలేదు, కుక్క దగ్గరికి మాత్రం ఒకటి దాటకూడదు. మొదటిసారికి అప్పటికే రెండు సార్లు చదివేసిన పుస్తకమైతే ఇంకా మంచిది. పెద్ద బొమ్మలు, పేజీకి మూడు నాలుగు వాక్యాలు, పది నిమిషాల్లో అయిపోయేంత నిడివి. కథ సగంలో టైమ్ అయిపోతే పిల్లలు ఓడిపోయినట్టు బయటికొస్తారు. కుక్క కథే కానక్కర్లేదు గానీ, కుక్కకు దెబ్బ తగిలే కథ మాత్రం తేవొద్దు. చదువుతూ చదువుతూ ఏడ్చేసే పిల్లలుంటారు.

హ్యాండ్లర్ వైపు తప్పులూ తక్కువేం కాదు. తన కుక్క కబుర్లే అయిదు నిమిషాలు చెప్పేవాళ్లు ఉంటారు. ప్రతి మాటా అందించేసే రిటైర్డ్ టీచర్లూ ఉంటారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ పిల్లలు మళ్లీ తరగతిలో కూర్చున్నట్టే అవుతుంది. ఒక్క కుక్క దగ్గర నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టే లైబ్రరీలూ ఉన్నాయి. జనం ఎక్కువ వచ్చారని చెప్పుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. ఒక కుక్కకు ఒకరే. ఇందులో సర్దుబాటు లేదు, ఎందుకంటే ఇంకో బిడ్డ వింటున్నప్పుడు ఆ దుప్పటి మళ్లీ తరగతి గదే.

గది కూడా చూడాలి. పిల్లల సెక్షన్ నడిమధ్యలో, బొమ్మల బల్ల పక్కన పెడితే దారినపోయే ప్రతి పసివాడూ కుక్క మీదికి వస్తాడు. మూలన, లేదా తలుపు వేసుకునే చిన్న గదిలో, తలుపుకు అద్దం ఉండేలా ఏర్పాటు చేసిన లైబ్రరీ ఈ పని తెలిసినదన్నమాట. కుక్క ఎంత పెద్దదన్నదీ తేడా తెస్తుంది. చాలామంది చిన్న కుక్క అయితే భయం ఉండదనుకుంటారు. నిజానికి నేల మీద బార్లా పడుకున్న పెద్ద కుక్క పక్కన కూర్చుని చదవడమే తేలిక. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్‌లకు ఈ పనిలో మంచి పేరు ఊరికే రాలేదు. చిన్న కుక్క హ్యాండ్లర్ ఒళ్లో ఉంటుంది కాబట్టి పిల్లలు చివరికి మనిషి మొహం వైపు తిరిగి చదవాల్సి వస్తుంది.

కుక్కకూ ఓపిక అయిపోతుంది. అది నోటితో చెప్పదు గానీ ఒళ్లంతా చెబుతుంది. తిండి లేకుండానే పదే పదే ముక్కు నాకుకోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, మొహం పక్కకు తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, చల్లటి గదిలో రొప్పడం, తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం. వీటిలో రెండు కనబడితే మంచి హ్యాండ్లర్ సెషన్ ఆపేసి కుక్కను బయటికి తీసుకెళతారు. అలా ఆపారని చిన్నబుచ్చుకోవద్దు, వాళ్ల మీద నమ్మకం పెంచుకోండి. కనబడుతున్నా ‘ఇంకో ఇద్దరున్నారు’ అని లాగించే చోట నుంచి పిల్లల్ని లేపి తీసుకొచ్చేయండి. మెడ చుట్టూ చేతులేసి కౌగిలించుకోవడం, మొహంలో మొహం పెట్టడం చేయకూడదని పిల్లలకు ఇంట్లోనే చెప్పి పంపాలి. చిన్నపిల్లలకు కుక్క కాట్లు ఎక్కువగా మొహం మీద పడటానికి ఇదీ ఒక కారణం.

స్లాట్ దొరకాలంటే

రెండు గంటల్లో 15 నిమిషాల చొప్పున లెక్కకు ఎనిమిది స్లాట్లు. మధ్యలో కుక్కకు నీళ్లు, కాస్త నడక తీసేస్తే ఆరో ఏడో మిగులుతాయి. ఊరంతటికీ అవే. అందుకే రిజిస్ట్రేషన్ తెరిచిన పూటే నిండిపోతాయి. ఎన్ని రోజుల ముందు తెరుస్తారో లైబ్రరీ డెస్క్‌లో అడిగి ఫోన్‌లో అలారం పెట్టుకోవడమే మార్గం. వెయిట్‌లిస్టులో పేరు ఇవ్వడం మానొద్దు, పసిపిల్లల ఇళ్లలో జ్వరాలూ జలుబులూ మామూలే కాబట్టి ఆ రోజు పొద్దున ఖాళీలు వస్తాయి. మీరు వెళ్లలేకపోతే ముందు రోజే రద్దు చేయండి. ఖాళీగా పోయిన స్లాట్‌ ఇంకో బిడ్డది.

ఎంచుకునే వీలుంటే రెండో స్లాట్ తీసుకోండి. మొదటి దాంట్లో కుక్క కొత్త చోటి వాసనలు పడుతూ ఇంకా కుదురుకోదు. అయిదో దాని నుంచి అలసట మొదలవుతుంది. పది నిమిషాలు ముందు వెళ్లి, దూరం నుంచి కుక్కను చూడనివ్వండి. వారం వారం దొరికితే ఆరు నుంచి పది వారాలు వరసగా వెళ్లాలి. నెలకోసారి అయితే బెరుకు ప్రతిసారీ మొదటికొస్తుంది, మధ్య వారాల్లో అదే పుస్తకాన్ని ఇంట్లో బొమ్మ కుక్కకైనా చదవమనండి.

మన ఇళ్ల సందేహాలు

ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు కుక్క అంటే వీధి కుక్క, వీధి కుక్క అంటే బొడ్డు చుట్టూ సూదులని పెద్దవాళ్లు చెప్పిన భయం. బొడ్డు చుట్టూ సూదులన్నది పాతకాలపు మాటే అయినా కుక్క భయం అబద్ధమేమీ కాదు, మన దగ్గర రేబిస్ ఇప్పటికీ ప్రాణాలు తీస్తోంది. అమెరికాలో కుక్క నుంచి కుక్కకు పాకే రేబిస్ రకం లేదని 2007లోనే ప్రకటించారు. గబ్బిలాలు, రకూన్లలో రేబిస్ ఉంది కాబట్టి కుక్కలకు టీకా తప్పనిసరిగానే వేయిస్తారు, నమోదైన జోడీల దగ్గర ఆ కాగితాలు ఉంటాయి. భయపడే పిల్లల్ని మొదటిరోజు చదివించొద్దు. అద్దం తలుపు అవతలి నుంచి చూపించండి, రెండోసారి పది అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. చదవడానికి జంకే బిడ్డకు కుక్క భయం కూడా తోడు చేస్తే రెండూ పెరుగుతాయి.

అలర్జీ ఉంటే ఫలానా జాతి కుక్కతో అలర్జీ రాదన్న మాట నమ్మొద్దు. అలర్జీ తెచ్చే ప్రొటీన్ కుక్క ఉమ్మిలో, చర్మపు పొట్టులో ఉంటుంది, వెంట్రుక రాలని జాతికీ అది ఉంటుంది. సందర్శనకు ముందు కుక్కకు స్నానం చేయించి దువ్వుతారు కాబట్టి తీవ్రత తగ్గుతుంది, పోదు. ఆస్తమా ఉన్న పిల్లలకు డాక్టర్‌ను అడగకుండా వెళ్లొద్దు. మిగతా అందరికీ సబ్బుతో చేతులు కడుక్కోవడం చాలు. ఇంట్లో మడి, పూజ పట్టింపులుంటే ఆ పూట బట్టలు వేరే పెట్టుకోండి. కుక్క ఉమ్మి తగలకూడదన్న నియమం ఉన్న ముస్లిం కుటుంబాలు హ్యాండ్లర్‌తో ముందే చెబితే, కుక్కకూ బిడ్డకూ మధ్య ఇంకో దుప్పటి మడత వేసి, ముట్టుకోకుండానే చదివిస్తారు. ముట్టుకోవడం ఈ పద్ధతిలో తప్పనిసరి కాదు. వినడమే ముఖ్యం.

ఇక ఈ సేవ ఎవరికి సరిపడదో స్పష్టంగా చెప్పాలి. రెండో తరగతి సగమైనా చిన్న చిన్న మాటలు కూడబలుక్కోలేకపోతే, ఒకే మాట ఈ పేజీలో వచ్చి తర్వాతి పేజీలో రాకపోతే, ఆ బిడ్డకు కావాల్సింది కుక్క కాదు, డిస్లెక్సియా ఉందేమో చూసే పరీక్ష. పబ్లిక్ స్కూల్‌కు తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఉత్తరం ఇచ్చి మూల్యాంకనం అడగొచ్చు, ఖర్చు బడిదే. ‘కుక్క దగ్గర చదువుతున్నాడుగా, వస్తుందిలే’ అని ఏడాది ఆగితే ఆ ఏడాది తిరిగి రాదు.

తెలుగు పుస్తకం తీసుకెళ్లవచ్చా? ముందుగా అడిగి తీసుకెళ్లండి, తప్పకుండా ప్రయత్నించాల్సిన సంగతి ఇది. వారాంతంలో తెలుగు బడికి వెళుతూ గుణింతాలు, ద్విత్వాల వరకు వచ్చి సంయుక్తాక్షరాల దగ్గర ఆగిపోయిన పిల్లలకు ఇది ప్రత్యేకంగా నప్పుతుంది. ‘అమ్మ’ చదివేస్తారు, ‘నక్క’ చదివేస్తారు, ‘చక్రం’ దగ్గర క కింద ర-వత్తు చూసి బిగుసుకుపోతారు. ఇంట్లో అయితే వెంటనే అందించేవాళ్లుంటారు. ఇక్కడ హ్యాండ్లర్‌కూ తెలుగు రాదు, కుక్కకూ రాదు. దుప్పటి మీద తెలుగు తెలిసింది ఆ బిడ్డ ఒక్కతే. ‘ఇదేం అక్షరం, కింద తోకలా ఉందే’ అని హ్యాండ్లర్ అడుగుతారు, బిడ్డ వేలితో గీసి చూపించి చెబుతుంది. అయితే మాట నిజంగా రాకపోతే అందించే మనిషి ఉండరు. అందుకని తెలుగు పుస్తకం విషయంలో అయిదు వేళ్ల లెక్కలో ఒక్క వేలు కూడా మడవకూడదు.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లు ఇది చదివి వీధిలో మచ్చికైన కుక్కను పిల్లల పక్కన కూర్చోబెట్టొద్దు. టీకా, పరీక్ష, అదుపు లేని చోట ఇది ప్రమాదమే. ముంబైలోని యానిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్ లాంటి సంస్థలు మన దేశంలో జంతువులతో థెరపీ పద్ధతిగా చేస్తున్నాయి, బడివాళ్లు తలపెడితే అలాంటి వాళ్లను సంప్రదించే దిగాలి. ఇంట్లో చేయగలిగింది ఒకటుంది: ఇంగ్లిష్ రాని నాయనమ్మకు రోజూ పది నిమిషాలు ఇంగ్లిష్ కథ చదివి వినిపించి, తెలుగులో అర్థం చెప్పమనండి. తప్పు దిద్దలేని, ప్రేమగా వినే శ్రోత అన్నది అక్కడా ఇక్కడా ఒకటే. అమెరికాలో పిల్లలు వీడియో కాల్‌లో కూడా ఇది చేయొచ్చు.

చివరగా ఒక జాగ్రత్త. ఈ కుక్కలకు వయసు మీద పడుతుంది, కీళ్లు నొప్పెడతాయి, రిటైర్ అవుతాయి. ఆరు వారాలు డైసీకి చదివిన పాప ఏడో వారం వెళ్లేసరికి దుప్పటి మీద ఇంకో కుక్క ఉంటే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మార్పు ఉంటే ముందే చెప్పమని లైబ్రరీలో అడిగి పెట్టుకోండి. చాలామంది హ్యాండ్లర్లు వీడ్కోలుకు ఒక రోజు పెడతారు, దాన్ని తప్పనివ్వొద్దు. కొత్త కుక్క దగ్గరికి మొదటిరోజు డైసీకి చదివిన పుస్తకాల్లోంచే అన్నిటికంటే తేలికైనది తీసుకెళ్లండి. ‘ఇది డైసీకి బాగా నచ్చింది’ అని పాప చేత కొత్త కుక్కకు చెప్పించి, అప్పుడు మొదటి పేజీ తెరవమనండి.